బాబు ఎన్‌ఐసీయూలో (పసిపిల్లల ఐసీయూలో) ఉన్నాడు. స్కాన్‌లో తేలిన విషయం తల్లికి ఇప్పుడే చెప్పాలా?

కొత్తనాన్న:
అందరికీ నమస్కారం. మా బాబు 29 వారాలకే పుట్టాడు, 1150 గ్రాములు. సిజేరియన్ చేశారు. పుట్టగానే బాబుని వేరే ఆస్పత్రిలోని ఎన్‌ఐసీయూకి మార్చారు, మా ఆవిడ కాన్పు అయిన చోటే ఉంది. ఊపిరికి సీపాప్ (ముక్కు ద్వారా గాలి ఒత్తిడితో పంపే మిషన్) పెట్టారని తనకి తెలుసు. తెలియనిది ఏంటంటే, తల స్కాన్‌లో మెదడులో కొద్దిగా రక్తస్రావం కనబడింది, గ్రేడ్ 2 అన్నారు. కొన్నాళ్ళాగి మళ్ళీ స్కాన్ చేసి చూస్తారట. మా అమ్మా, అత్తగారూ ఇద్దరిదీ ఒకటే మాట: పచ్చి బాలింత, కుట్లు కూడా మానలేదు, ఇప్పుడు చెబితే పాలు పడవు, కాస్త కోలుకోనీ. తను ఫోన్ చేసి "వాడెలా ఉన్నాడు" అంటే "బాగున్నాడు" అని పెట్టేస్తున్నాను. ఇలా ఎన్నాళ్ళు లాగాలి? ఈ పరిస్థితి దాటినవాళ్ళు చెప్పండి.

ఎదురీత:
చెప్పొద్దు తమ్ముడూ. నేనూ ఈ దారిన వచ్చినవాణ్నే, మా పాప 28 వారాలు. గ్రేడ్ 2 వల్ల ముందు ముందు ఏమవుతుందో డాక్టరుకే ఇప్పుడు తెలియదు. పిల్లాడు నడిచి, మాట్లాడే వయసు వస్తేగానీ తేలదు. తేలని అనుమానాన్ని తీసుకెళ్ళి సిజేరియన్ కోత నొప్పితో పడుకున్న మనిషి నెత్తిన పెట్టడం నిజాయితీ కాదు, నీ బరువు దించుకోవడం. తెలిసి ఆమె చేయగలిగింది ఏముంది? టెన్షన్ పడితే పాలు ఆగిపోతాయి. ఇప్పుడు ఆ పాలే బాబుకి మందు. ఒకళ్ళు గట్టిగా నిలబడాలి, అది నువ్వే.

గాలిపటం:
చెప్పేయండి. దాస్తే దాగేవి కావు ఇవి.

వాసంతి:
"తెలిసి ఆమె చేయగలిగింది ఏముంది?" ఎంత తేలిగ్గా అనేశారండీ ఎదురీత గారూ. వాడు ఆమె బిడ్డ. చేయగలిగింది ఉంటేనే తెలియాలా? మీకు తెలిసి మీరేం చేశారు, సూదులు మీరు వేశారా?

కొత్తనాన్న గారూ, ఒక్కటి ఆలోచించండి. రేపు ఆవిడ ఎన్‌ఐసీయూకి వస్తుంది. రౌండ్స్‌లో ఎవరో ఒక డాక్టరు "ఐవీహెచ్ ఎలా ఉంది, రిపీట్ స్కాన్ ఎప్పుడు" అని పక్కవాళ్ళతో అంటారు. ఐవీహెచ్ అంటే ఆ మెదడులో రక్తస్రావమే. ఆవిడ ఆ మాట అక్కడ, పదిమంది మధ్య, మొదటిసారి వింటుంది. వినగానే మీ వైపు చూస్తుంది. ఆ తర్వాత మీరు "బాగున్నాడు" అని ఎన్నిసార్లు అన్నా ఆ మాటకి విలువ ఉండదు.

దారినపోయే:
టెన్షన్‌కి పాలు ఆగిపోతాయన్నది ఉత్త అపోహ.

ఎదురీత:
అపోహ ఏంటండీ. మా వదినకి కళ్ళముందే జరిగింది. బాబుకి బాలేదని తెలిసిన రోజు నుంచి చుక్క రాలేదు.

దారినపోయే:
మీ వదినగారికి జరిగితే లోకానికంతా జరిగినట్టేనా?

ఎదురీత:
మీకు జరగకపోతే లోకంలో జరగనట్టేనా?

నైట్‌డ్యూటీ:
నేను ఎన్‌ఐసీయూలో నర్సుని. ఈ పాల గొడవ తేల్చకపోతే చర్చ ముందుకు వెళ్ళేలా లేదు కాబట్టి చెబుతున్నా. ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉంది. పాలు తయారవడం వేరు, పాలు దిగడం వేరు. భయం, నొప్పి, నిద్రలేమి ఉన్నప్పుడు పాలు దిగేలా చేసే ఆక్సిటోసిన్ అనే హార్మోన్ సరిగా విడుదల కాదు, పాలు దిగడం ఆలస్యమవుతుంది. నెలలు నిండని కాన్పులో, సిజేరియన్‌లో పాలు పడటమే కాస్త ఆలస్యం కావచ్చు. అంతేగానీ కబురు వినగానే కుళాయి కట్టేసినట్టు ఆగవు. తయారవడం ముఖ్యంగా రొమ్ము ఎంత తరచుగా ఖాళీ అవుతుందన్న దాని మీద నడుస్తుంది. బిడ్డ దగ్గర లేనప్పుడు రోజుకి 8 సార్లు తగ్గకుండా, రాత్రి కూడా కలుపుకొని, చేత్తోనో పంపుతోనో తీయాలి. ఆ పని మొదలెట్టించడం "బాగున్నాడు" అని చెప్పడం కంటే వెయ్యి రెట్లు ఉపయోగం. మొదట వచ్చే చిక్కటి ముర్రుపాలు నాలుగు చుక్కలైనా సరే, శుభ్రమైన డబ్బాలో, చల్లగా, పేరూ టైమూ రాసి పంపించండి. దూదిపుల్లతో బుగ్గ లోపల రాస్తాం. నెలలు నిండని పిల్లల పేగులు కుళ్ళే జబ్బు ఒకటుంది, నెక్ అంటాం. తల్లిపాలు తాగే పిల్లల్లో అది తక్కువ.

ఇక గ్రేడ్ 2 సంగతి. రక్తం మెదడులోని గదుల్లోకి చేరింది, గదులు మాత్రం ఉబ్బలేదు అని అర్థం. ఉబ్బితే 3, మెదడు కణజాలంలోకి వెళితే 4. మళ్ళీ స్కాన్ చేసేది ఆ గదులు పెద్దవి అవుతున్నాయేమో చూడటానికి. 1, 2 గ్రేడ్‌లలో చాలామంది పిల్లలకి రక్తం దానంతట అదే కరిగిపోతుంది. ఈ నాలుగు వాక్యాలు ఏ తల్లికైనా అర్థమవుతాయి. అర్థం కానిదల్లా మొగుడు ఫోన్‌లో గొంతు మార్చి మాట్లాడటం.

ఎదురీత:
నర్సమ్మా, మీరు చెప్పింది బాగుంది. కానీ మీరు ఆ నాలుగు వాక్యాలు చెప్పి డ్యూటీ దిగి వెళ్తారు. ఆ తర్వాత రాత్రంతా "మా వాడికి మాటలు వస్తాయా, నడుస్తాడా" అని అడిగేది మీ పక్కన కాదు.

పాతపేపర్:
చదువుతుంటే గుర్తొచ్చింది. అమెరికా అధ్యక్షుడు జాన్ ఎఫ్. కెనెడీ కొడుకు పాట్రిక్ 1963 ఆగస్టు 7న నెలలు నిండకుండా పుట్టాడు. ఊపిరితిత్తుల సమస్య. బాబుని బోస్టన్ తీసుకెళ్ళారు, తల్లి సిజేరియన్ అయి వేరే చోట ఆస్పత్రిలో ఉండిపోయింది. ఆగస్టు 9న బాబు పోయాడు. తండ్రి ఆస్పత్రిలో ఉన్నాడు, తల్లి లేదు. అంత అధికారం ఉన్నవాళ్ళకీ ఇదే పరిస్థితి. అప్పట్లో ఆ జబ్బుకి మందు లేదు. సర్ఫాక్టెంట్ (ఊపిరితిత్తుల గాలి గదులు మూసుకుపోకుండా ఉంచే పదార్థం) ఊపిరితిత్తుల్లోకి పోసి బతికించవచ్చని జపాన్ వైద్యుడు ఫుజివారా 1980లో చూపించాడు.

గాలిపటం:
చరిత్ర బాగుందండీ, ఇప్పుడు ఇది ఎందుకు? ఆయన కంగారు ఆయనది.

వాసంతి:
ఎందుకో నాకు అర్థమైంది. తల్లి అక్కడ లేదు. అదే విషయం.

ఎదురీత గారు "ఒకళ్ళు గట్టిగా నిలబడాలి" అంటున్నారు. గట్టిగా నిలబడేవాళ్ళు ఎప్పుడూ ఆ ఒకళ్ళే, పడుకోబెట్టేది ఎప్పుడూ ఆమెనే. బిడ్డని మోసింది, కోయించుకుంది, ఆమె మాత్రం ఒక మాట వినలేదట!

మీకు సైన్స్ కావాలంటే అదీ చెబుతా. కంగారూ కేర్ 1970ల చివర్లో కొలంబియాలోని బొగోటాలో మొదలైంది. ఇంక్యుబేటర్లు చాలక పిల్లల్ని తల్లుల గుండెలకి కట్టారు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నడిపిన పరిశోధన ఫలితాలు వచ్చాయి. అయిదు దేశాల ఆస్పత్రుల్లో, కిలో నుంచి కిలో ఎనిమిది వందల లోపు పిల్లల్ని తీసుకున్నారు. పుట్టిన కాసేపటికే తల్లి ఒంటికి ఆనించి ఉంచినవాళ్ళలో 28 రోజుల్లోపు చనిపోయింది 12 శాతం, బిడ్డ స్థిరపడ్డాక మొదలెట్టినవాళ్ళలో 15.7 శాతం. తేడా ఎంత స్పష్టంగా ఉందంటే పరిశోధనని అనుకున్న దానికంటే ముందే ఆపేశారు. అలా ఉంచడానికి తల్లులకీ ఎన్‌ఐసీయూ లోపలే మంచాలు వేశారు. ఆమె చేయగలిగింది ఏముంది అన్నారుగా. ఇదుగో, ఇది ఉంది. కానీ గది అవతల "అంతా బాగుంది" అనుకుంటూ పడుకున్న తల్లి దీన్ని చేయలేదు.

ఎదురీత:
లెక్కలు ఎందుకండీ. ఆ బాబు వేరే ఆస్పత్రిలో ఉన్నాడు, తల్లి మంచం దిగలేదు. మీ పరిశోధనలో తల్లీబిడ్డా ఒక్కచోట ఉన్నారు. సంబంధం లేనిది తెచ్చి కలపకండి. నేను మాట్లాడుతోంది చెప్పడం గురించి, పడుకోబెట్టడం గురించి కాదు.

వాసంతి:
రెండూ ఒకటే. తెలిస్తే కదా "నన్ను అక్కడికి మార్చండి" అని అడిగేది.

ఇందిర:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నాది మీ ఇద్దరికీ నచ్చని మాట. మా అబ్బాయి ఎన్‌ఐసీయూలో ఉన్నప్పుడు నాకు వివరాలు చెప్పొద్దని మా ఆయనకి నేనే చెప్పాను. ఆక్సిజన్ ఎంత, రక్తం ఎక్కించారా, ఏదీ వద్దన్నాను. ప్రమాదం అయితే మాత్రం వెంటనే చెప్పమన్నాను. మానిటర్ వైపు వీపు పెట్టి కూర్చునేదాన్ని. అది మోగినప్పుడల్లా నా ప్రాణం పోయేది, తీరా చూస్తే సగంసార్లు కాలికి పెట్టిన ప్రోబ్ ఊడి ఉండేది. నాకు అలా సరిపోయింది. కాబట్టి వాసంతి గారూ, తల్లులందరికీ అంతా తెలియాలని లేదు. కానీ ఎదురీత గారూ, వద్దని నేను అన్నాను. నా తరఫున ఇంకెవరో అనలేదు.

దారినపోయే:
మొదటిసారి ఎవరో పనికొచ్చే మాట అన్నారు.

ఎదురీత:
మంచిదే. కానీ కాన్పు మత్తులో ఉన్న మనిషిని "నీకు ఎంత చెప్పమంటావు" అని అడిగితే, ఏదో ఉందని అక్కడే తెలిసిపోదా? అడగడమే చెప్పడం. వాసంతి గారూ, ఒక మాట. మీరు మొదటి నుంచీ నాతో మాట్లాడట్లేదు. ఇంట్లో ఎవరి మీదో ఉన్న కోపం నా మీద తీర్చుకుంటున్నారు.

వాసంతి:
అవును. మా ఆయన మీద. మా అమ్మ మీద. ఇద్దరి మీదా.

మా పాపనీ ఇలాగే వేరే ఆస్పత్రికి మార్చారు. నాకు ప్రతి పూటా "బాగుంది, పాలు తాగుతోంది" అన్నారు. పేగులకి ఆపరేషన్ చేయాలన్నారట, చేసినా నమ్మకం తక్కువన్నారట. చేయించాలా వద్దా అని వాళ్ళు ముగ్గురూ కూర్చుని మాట్లాడుకున్నారు. ఆయన, మా అమ్మ, మా అత్తగారు. సంతకం పెట్టారు. ఆపరేషన్ అయింది, పాప పోయింది. ఆ తర్వాత నాకు చెప్పారు. నేను అడ్డు చెప్పేదాన్నని కాదు. బహుశా నేనూ అదే చేసేదాన్ని. కానీ నా పాపకి కోత పెట్టాలా వద్దా అనే మాటలో నేను లేను. నేను పక్క గదిలో పాలు పిండుతున్నాను. ఆ పాలు ఎవరికి పంపుతున్నారని కూడా ఎవరూ అనలేదు.

మీరు పాలు ఆగిపోతాయి, పాలు ఆగిపోతాయి అంటుంటే నాకు ఒళ్ళు మండేది అందుకే.

గాలిపటం:
🙏

ఎదురీత:
అమ్మా, మీకు జరిగింది చదివాను. దానికి నా దగ్గర జవాబు లేదు, పోటీ పెట్టను.

కానీ నా వైపూ వినండి. మా పాప గుండె దగ్గర నాళం మూసుకోలేదు, మందులకి లొంగలేదు, ఆపరేషన్ అన్నారు. అర్ధరాత్రి. కాగితం నా ముందు పెట్టారు. ఆ సంతకం నేనొక్కణ్నే పెట్టాను. అప్పుడు మా ఆవిడకి ఫోన్ చేస్తే ఏడ్చేది. తను ఏడిస్తే నేను ఆ కుర్చీలోంచి లేచేవాణ్ని కాదు. ఆ నెలలో అందరూ "ఆమె ఎలా ఉంది, పాప ఎలా ఉంది" అనేవాళ్ళే. నువ్వెలా ఉన్నావని అడిగింది ఒక్క సెక్యూరిటీ ఆయన. అందుకని చెప్పలేదు. మళ్ళీ వచ్చినా చెప్పను.

వాసంతి:
ఈ మాట మొదటే అనుంటే ఇంత దూరం వచ్చేది కాదు. "నేను ఆగలేను కాబట్టి చెప్పలేదు" అంటే నేను వింటాను. మా ఆయన ఇప్పటికీ ఆ మాట అనడు. "నీ కోసమే" అంటాడు. "ఆమె తట్టుకోలేదు" అని ఆమె పేరు మీద రాయకండి, అంతే నేనడిగేది. సంతకం విషయంలో మాత్రం మీతో నేను ఒప్పుకోను.

ఎదురీత:
ఒప్పుకోవద్దు.

నైట్‌డ్యూటీ:
ఎదురీత గారూ, డ్యూటీ దిగి వెళ్తామన్నారు, నిజమే. ఒకటి మాత్రం మా దగ్గరే కళ్ళారా చూస్తాం. ఎన్‌ఐసీయూ పిల్లల తల్లుల్లో కుంగుబాటు ఎక్కువ, తండ్రుల్లోనూ ఎక్కువే. తల్లులకైతే 1987లో తయారైన ఎడిన్‌బరా ప్రశ్నల పట్టిక ఉంది, 10 ప్రశ్నలు, చాలాచోట్ల వాడతారు. తండ్రిని కూర్చోబెట్టి అడిగే అలవాటు మాకింకా సరిగా రాలేదు. రాత్రి సంతకం తప్పకపోతే తల్లిని ఫోన్‌లో స్పీకర్ మీద పెట్టి డాక్టరు చేత ఇద్దరికీ ఒకేసారి చెప్పించమని అడగండి. చాలామంది డాక్టర్లు కాదనరు. చెప్పే పని మీది కాకుండా పోతుంది, దాచే పనీ ఉండదు.

కొత్తనాన్న:
అన్నీ చదివాను. ఇందిర గారు అన్నట్టు తననే అడిగాను. "డాక్టరుతో నేనే మాట్లాడతా" అంది, ఇంకేమీ అనలేదు. వీడియో కాల్‌లో ఇద్దరికీ కలిపి స్కాన్ సంగతి చెప్పారు. ఏడ్చింది. మళ్ళీ స్కాన్ ఎప్పుడని తనే అడిగింది. మా అమ్మ నాతో మాట్లాడట్లేదు, అది వేరే కథ. రేపు తనని చక్రాల కుర్చీలో బాబు దగ్గరికి తీసుకెళ్ళడానికి ఒప్పుకున్నారు. నర్సు గారూ, తను వాణ్ని ముట్టుకోవచ్చా? ఒళ్ళంతా వైర్లే, చర్మం పల్చగా ఉంది, నాకే భయం.

నైట్‌డ్యూటీ:
ముట్టుకోవచ్చు. ముందు గాజులూ ఉంగరాలూ వాచీ తీసేసి మోచేతుల దాకా చేతులు కడుక్కోవాలి. నిమరకండి, తట్టకండి. ఇంత చిన్నపిల్లలకి నిమిరితే చిరాకు, ఆక్సిజన్ పడిపోతుంది. ఒక చెయ్యి తల మీద, ఒక చెయ్యి పాదాల దగ్గర, కదపకుండా ఆనించి ఉంచాలి. చెయ్యి చల్లగా ఉంటే ముందు వెచ్చబెట్టుకోవాలి. మెల్లగా మాట్లాడొచ్చు. వాడు వేళ్ళు విచ్చి చెయ్యి అడ్డం పెట్టినా, మొహం తిప్పేసినా, ఇక చాలన్నట్టు, కాసేపు ఆగండి. సీపాప్ మీద ఉన్నా, స్థిరంగా ఉంటే కంగారూ కేర్ ఎప్పుడు మొదలెడతారో అక్కడే అడగండి. తను కూర్చోలేకపోతే మీరు చేయొచ్చు.

ఎదురీత:
ముందు బటన్లున్న చొక్కా వేసుకెళ్ళు తమ్ముడూ. టీషర్ట్ అయితే అక్కడ విప్పి అవస్థ పడతావు.