ఒకే పాటకు 19వ స్థానమా, 19 వారాల మొదటి స్థానమా?

కృష్ణాతీరం: సాయంత్రం నుంచి ఒకే పట్టికతో కుస్తీ పడుతున్నాను, ఎటూ తేలడం లేదు. మా తెలుగు సంఘం సంచికకు అమెరికా పల్లె బాణీ అయిన కంట్రీ సంగీతంపై వ్యాసం రాస్తూ బిల్‌బోర్డ్ పత్రిక వేసే పాటల జాబితాల లెక్కలు సరిచూసుకుంటుంటే, ఆ పాట 19 వారాలు మొదటి స్థానంలో ఉన్నట్టు ఒకచోట, అది అందుకున్న అత్యున్నత స్థానమే 19 అన్నట్టు మరొకచోట కనిపిస్తోంది. ఇందులో ఏదో ఒకటి అచ్చుతప్పే అయి ఉండాలి. ఏది కొట్టేయాలో దయచేసి చెప్పండి, సంచిక రేపు ఉదయమే అచ్చుకు వెళ్తుంది.

సంఖ్యాప్రియ: షబూజీ పాడిన ‘ఎ బార్ సాంగ్’ గురించి అడుగుతున్నారనుకుంటాను. అది 2024లో హాట్ 100 జాబితాలో 19 వారాలు మొదటి స్థానంలో నిలవడమే కాక, కంట్రీ జాబితాల్లో కూడా మొదటి స్థానానికి చేరింది. కాబట్టి 19వ స్థానం అన్న మాటను నిస్సంకోచంగా తీసేయవచ్చు.

కృష్ణాతీరం: అది కాదండీ, 2019 నాటి గుర్రం పాట. 19 వారాలు అనగానే ఎవరికైనా అదే గుర్తొస్తుంది కదా!

ఒంటిమాట: పాట పేరు, చార్టు పేరు రాయండి.

రికార్డుల అటక: లిల్ నాస్ ఎక్స్ పాడిన ‘ఓల్డ్ టౌన్ రోడ్’ అన్నమాట. నన్నడిగితే ఈ స్థానాల గొడవ కన్నా ఆ పాట పుట్టుక గురించి రాయడం మేలు. యంగ్‌కియో అనే డచ్ కుర్రవాడు చేసిన బీటును ఈయన 30 డాలర్లకు కొన్నాడు. అందులో మొదటి నుంచీ మోగే బాంజో మీటు నైన్ ఇంచ్ నెయిల్స్ అనే రాక్ బృందం 2008లో విడుదల చేసిన వాద్యసంగీతం నుంచి తీసుకున్నది కావడంతో, ఆ బృందానికి చెందిన ట్రెంట్ రెజ్నర్, ఆటికస్ రాస్ పేర్లు కూడా రచయితల జాబితాలోకి ఎక్కాయి. ఆ ఇద్దరి ప్రస్తావన లేని వ్యాసం అసంపూర్ణమే.

సంఖ్యాప్రియ: అది వేరే వ్యాసం అవుతుంది. కృష్ణాతీరం గారూ, మీ రెండు అంకెలూ సరైనవే, చార్టులే వేరు. అమ్మకాలు, స్ట్రీమింగ్, రేడియో ప్రసారాలు కలిపి అన్ని రకాల పాటలకూ స్థానాలిచ్చేది హాట్ 100. అదే లెక్కతో, బిల్‌బోర్డ్ కంట్రీగా పరిగణించిన పాటలకు మాత్రమే స్థానాలిచ్చేది హాట్ కంట్రీ సాంగ్స్. 2019 మార్చి 16 తేదీ జాబితాల్లో ఈ పాట మొదటిదానిలో 83వ స్థానంలో, రెండవదానిలో 19వ స్థానంలో అడుగుపెట్టింది. అయితే నేటి కంట్రీ సంగీత లక్షణాలు ఇందులో తగినన్ని లేవంటూ బిల్‌బోర్డ్ దానిని కంట్రీ జాబితా నుంచి తీసివేయడంతో, అక్కడ 19 దగ్గరే లెక్క ఆగిపోయింది. ఏప్రిల్‌లో కంట్రీ గాయకుడు బిల్లీ రే సైరస్ గొంతు కలిపిన రీమిక్స్ వచ్చాక హాట్ 100లో మొదటి స్థానం పట్టి, అంతకు ముందున్న 16 వారాల రికార్డును దాటేసింది.

ఎర్రమట్టి: తీసివేయడం కాదు, అది నిషేధం. నల్లజాతి గాయకుడు కాబట్టే అలా చేశారని అప్పుడే చాలామంది అన్నారు.

సంఖ్యాప్రియ: ఆ విమర్శ వచ్చిన మాట నిజమే. కానీ నిషేధమైతే కంట్రీ రేడియో కేంద్రాలు దానిని వేసేవి కావు. కేవలం ఆ కేంద్రాల ప్రసారాలను లెక్కించే కంట్రీ ఎయిర్‌ప్లే జాబితాలో అది 50వ స్థానం దాకా వెళ్లింది.

ఎర్రమట్టి: హాట్ 100లో మొదటి స్థానంలో ఉన్న పాటకు కంట్రీ రేడియోలో 50వ స్థానమంటే, తలుపు తెరిచినట్టా, మూసినట్టా? అదే ఏడాది సీఎంఏ పురస్కారం మాత్రం ఆ రీమిక్స్‌కు ఇచ్చారు. పురస్కారానికి పనికొచ్చిన పాట జాబితాకు ఎందుకు పనికిరాలేదో ఎవరూ చెప్పరు.

సంఖ్యాప్రియ: పురస్కారం ఇచ్చింది కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్, జాబితా వేసేది బిల్‌బోర్డ్. రెండింటినీ ఒకే గాట కట్టకండి.

రికార్డుల అటక: రెజ్నర్‌కు సీఎంఏ దక్కిన వైనం కూడా అక్కడే మొదలవుతుంది, కావాలంటే విడిగా రాస్తాను.

కృష్ణాతీరం: రెండు అంకెలూ ఉంచి పంపేశాను. ధన్యవాదాలు.

ఒంటిమాట: చార్టు పేర్లు రాశారా?