ప్రాంతీయ ఇండస్ట్రియల్ డిజైన్ సదస్సుకు విద్యార్థి సొంత డబ్బుతో వెళ్లడం దండగేనా?

మిరప_గుంటూరు:

అందరికీ నమస్కారం. గుంటూరులో మెకానికల్ ఇంజనీరింగ్ అయ్యాక అమెరికాలోని ఒహాయోలో ఇండస్ట్రియల్ డిజైన్ (వాడుక వస్తువులకు రూపకల్పన చేసే చదువు) మాస్టర్స్‌లో చేరాను, ఇది మొదటి సంవత్సరం. ఇక్కడి డిజైనర్ల సంఘం ఐడీఎస్ఏ ప్రాంతీయ సదస్సు పక్క రాష్ట్రంలో జరగబోతోంది. ఉద్యోగులూ విద్యార్థులూ కలిసి వచ్చేది. విద్యార్థులకు రాయితీ ఉన్నా, టికెట్టు, బస్సు, గది అన్నీ కలిపితే నా నెల సరుకుల ఖర్చు దాటిపోతోంది. ప్రసంగాలు ఎలాగూ వీడియోల్లో దొరుకుతాయి కదా అని నా రూమ్మేట్ అంటోంది.

ఇంకో సందేహం. నా పోర్ట్‌ఫోలియోలో, అంటే చేసిన పనులు చూపించే పుస్తకంలో, నాకు బాగా నచ్చిన పని ఒకటే: ఎండుమిరపకాయల తొడిమలు తీసే కూలీల కోసం వేలికి తొడుక్కునే చిన్న పనిముట్టు. ఇక్కడి కంపెనీలవాళ్లకు అది అర్థం కాదనీ, దాని బదులు కాఫీ మెషిన్ లాంటిది పెట్టుకోమనీ తోటి విద్యార్థులు సలహా ఇస్తున్నారు. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నాకు గొంతు పెగలదు. వీసా సంగతి ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో కూడా తెలియదు.

బెజవాడ_బల్ల:

నేనైతే వెళ్లవద్దనే చెబుతాను. ఆఫీసు కుర్చీలు తయారుచేసే సంస్థలో పనిచేస్తున్నాను. ఉద్యోగం ఇంటర్నెట్‌లో దరఖాస్తు చేస్తేనే వచ్చింది, సదస్సు వల్ల కాదు. ఆ డబ్బుతో పోర్ట్‌ఫోలియో వెబ్‌సైటు బాగు చేసుకోండి.

నెల్లూరు_గరిటె:

బల్లగారి మాట కొట్టిపారేయలేను, ఇంటర్నెట్‌లో ఉద్యోగాలు వస్తాయి. అయినా చెల్లెమ్మా, నువ్వు వెళ్లు. నేను మిషిగన్‌లో వంటింటి ఉపకరణాలు డిజైన్ చేస్తాను. ఇలాంటి సదస్సుల్లో విద్యార్థుల పోర్ట్‌ఫోలియోలు చూసేవాళ్ల వరుసలో చాలా ఏళ్లుగా కూర్చుంటున్నాను.

ప్రసంగాల విషయంలో నీ రూమ్మేట్ చెప్పింది నిజం. వేదిక ఎక్కినవాళ్లు గెలిచిన సంగతులే చెబుతారు. వాటి కోసమే అయితే ఇంట్లో కూర్చో. జాతీయ సదస్సులో పెద్ద పేర్లుంటాయి గానీ, వాళ్ల చుట్టూ మూగే జనాన్ని దాటి వెళ్లలేవు. ప్రాంతీయ సదస్సు చిన్నది, నాకు అందులో నచ్చేది కూడా అదే. పొద్దున ప్రసంగించినాయన మధ్యాహ్నం భోజనాల వరుసలో నీ వెనకే నిలబడి ఉంటాడు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది చుట్టుపక్కల కంపెనీలవాళ్లు. ఈ ప్రాంతం అందుకు తక్కువేమీ కాదు: సిన్సినాటిలో సబ్బులూ డైపర్లూ చేసే ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్, బెంటన్ హార్బర్‌లో వాషింగ్ మెషిన్లు చేసే వర్ల్‌పూల్, ఆఫీసు ఫర్నిచర్ చేసేవాళ్లలో గ్రాండ్ రాపిడ్స్‌లో స్టీల్‌కేస్, జీలండ్‌లో హెర్మన్ మిల్లర్. కొన్నాళ్లు చదువు, కొన్నాళ్లు కంపెనీలో పని అనే కో-ఆప్ పద్ధతి 1906లో మొదలైంది సిన్సినాటి విశ్వవిద్యాలయంలోనే. విద్యార్థికి పని అప్పగించడం ఇక్కడివాళ్లకు పాత అలవాటు.

విద్యార్థి ప్రతిభా పురస్కారం పోటీ ఉంటే మాత్రం చూడకుండా వదలకు. ఒక్కో కళాశాల తమ విద్యార్థి ఒకరిని ఎంచి పంపుతుంది, వాళ్లు అందరి ముందూ తమ పని వివరిస్తారు. ఒకే గురువుల దగ్గర నేర్చుకున్న తరగతిలో అందరి పనీ ఒకే పోలికతో ఉంటుంది, అది మనకు లోపల ఉండగా తెలియదు. ఇక్కడ ఒకరు స్కెచ్‌లతో చెలరేగిపోతారు, ఇంకొకరు ఆసుపత్రిలో నర్సుల వెంట తిరిగి తెలుసుకున్న విషయాల మీదే మొత్తం నడిపిస్తారు. ఎవరు ఏ ప్రశ్న దగ్గర తడబడ్డారో రాసుకో. నాకు తెలిసి ఆ టికెట్టు డబ్బు అక్కడే గిట్టుబాటవుతుంది.

ఇక ఆ తొడిమల పనిముట్టు తీసేస్తానంటే నాకు కోపం వస్తుంది. కాఫీ మెషిన్లు చూసి చూసి విసుగెత్తిపోయాం. మండే వేళ్లు ఏ దేశంవాడికైనా అర్థమవుతాయి. మొదటి పేజీలో ఆ చేతుల ఫొటో పెట్టు. కిలోల లెక్కన కూలి కాబట్టి, పని కాస్త నెమ్మదించినా ఆ కూలీ మనిషి నీ పనిముట్టును పక్కన పడేస్తుందన్న సంగతి రెండో పేజీలో ఉండాలి. చేతి తొడుగులు ఎందుకు వేసుకోరో ఆమెనే అడిగి ఉంటావు కదా, ఆ జవాబు కూడా. కీళ్లనొప్పులున్న భార్య చేతిలో తొక్క తీసే కత్తి నిలవకపోవడం చూసే శామ్ ఫార్బర్ ఆక్సో అనే పేరుతో వంటింటి పనిముట్లకు పూనుకున్నాడు. 1990లో వచ్చిన ఆ లావుపాటి నల్ల పిడిని ఇక్కడి డిజైనర్లు ఇప్పటికీ తలుచుకుంటారు. వాళ్ల ముందు చేతుల గురించి మాట్లాడటానికి నువ్వు జంకనక్కరలేదు.

మెకానికల్ చదువు నీకు అదనపు బలం. అచ్చులోంచి ప్లాస్టిక్ భాగం ఊడిరావడానికి గోడలకు ఒకటి రెండు డిగ్రీల వాలు ఎందుకుండాలో, మందం ఎక్కువైన చోట పైన గుంట ఎందుకు పడుతుందో చెప్పగలిగే డిజైన్ విద్యార్థులు నా బల్ల దగ్గరికి అరుదుగా వస్తారు. అలాగని సాలిడ్‌వర్క్స్ (కంప్యూటర్‌లో భాగాలు గీసే సాఫ్ట్‌వేర్) బొమ్మలతో పుస్తకం నింపకు, ఇంజనీరింగ్ నుంచి వచ్చినవాళ్లు దాదాపు అందరూ చేసేది అదే. చేత్తో గీసినవి పెట్టు. ఫోమ్‌తో చేసిన మోడళ్లు, విరిగినవాటితో సహా, సంచిలో వేసుకుని రా. ఎదుటివాడు ఒకటి తీసి వేలికి తొడుక్కున్నాడంటే ఇక మాటలు వాడే మొదలుపెడతాడు, నీ గొంతు పెగలకపోయినా పరవాలేదు.

ఒక హెచ్చరిక. ఎక్కడైనా ఇంటర్న్‌గా చేసి ఉంటే, ఆ కంపెనీ ఇంకా బయటపెట్టని పనిని అనుమతి లేకుండా చూపించకు. చూసేవాళ్లకు ముందు వచ్చే ఆలోచన, రేపు మా పని కూడా ఇలాగే చూపిస్తుందనే.

ఖర్చు సంగతికొస్తే, వాలంటీర్లు కావాలా అని నిర్వాహకులకు రాసి చూడు. నమోదు బల్ల దగ్గర పనిచేసేవాళ్లకు రుసుము తగ్గించే పద్ధతి చాలా చోట్ల ఉంది. పైగా అక్కడ కూర్చుంటే వచ్చిన ప్రతివాళ్ల పేరూ ముఖమూ తెలుస్తాయి.

పత్రాల_పిచ్చయ్య:

వీసా గురించి రెండు ముక్కలు. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద చదువు అయ్యాక ఓపీటీ, అంటే చదివిన రంగంలో పనిచేసే అనుమతి, 12 నెలలు. ఇంకో 24 నెలల పొడిగింపు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలోని కోర్సులకే. ప్రతి కోర్సుకూ ఒక ప్రభుత్వ కోడ్ ఉంటుంది; ఇండస్ట్రియల్ డిజైన్‌కు సాధారణంగా వాడే 50.0404 కోడ్ ఆ జాబితాలో లేదు. మీ విశ్వవిద్యాలయం వీసా కోసం ఇచ్చిన ఐ-20 పత్రంలో ఏ కోడ్ ఉందో ఇవాళే చూసుకోండి. ఓపీటీ కాలంలో ఉద్యోగం లేని రోజులు మొత్తం 90 దాటకూడదు, కాబట్టి పరిచయాలు ఇప్పటి నుంచే పెంచుకోవడం మంచిది. ఎవరైనా అడిగితే దాచకుండా సూటిగా చెప్పండి. అడగకపోతే పోర్ట్‌ఫోలియో బల్ల దగ్గర ఆ ప్రస్తావన మీరు తేనవసరం లేదు.

మిరప_గుంటూరు:

అక్కా, అందరికీ ధన్యవాదాలు. వాలంటీరు పనికి ఇప్పుడే రాశాను. రెండు ప్రశ్నలు మిగిలాయి. పనిముట్టును అందరికీ చూపిస్తే తర్వాత హక్కులకు ఇబ్బందా? బల్ల మీద నిజమైన ఎండుమిరపకాయలతో చేసి చూపించవచ్చా?

పత్రాల_పిచ్చయ్య:

అమెరికాలో మీరే బయటపెట్టిన ఆవిష్కరణకు ఏడాదిలోపు పేటెంటు దరఖాస్తు పెట్టుకోవచ్చు. మన దేశంలో అంత వెసులుబాటు లేదు. డిజైన్ల చట్టం, 2000 కింద కూడా ముందే బహిరంగమైన రూపానికి నమోదు కష్టం. ఇండియాలో తయారుచేయించే ఆలోచన ఉంటే ముందు దరఖాస్తు, తర్వాతే ప్రదర్శన. మీ విశ్వవిద్యాలయంలో ఇందుకోసం ఒక కార్యాలయం ఉంటుంది, వెళ్లి అడగండి.

నెల్లూరు_గరిటె:

మిరపకాయల సంగతి నిర్వాహకులకు ముందే చెప్పి, మూత బిగిసిన డబ్బాలో తీసుకెళ్లు. ఆ ఘాటు నీళ్లకు పోదు. నూనె అద్దిన గుడ్డ, సబ్బు కూడా పెట్టుకో. చేసి చూసినవాళ్లను కళ్లు నులుముకోవద్దని ముందే చెప్పు, మర్చిపోవద్దు.