విండింగా, వైండింగా?

కాలువగట్టు:
ఆంగ్లకవి షెల్లీ పడమటి గాలిని పిలుస్తూ రాసిన గీతంలో చివరి రెండు పాదాలు సగమే గుర్తున్నాయి. ‘విండ్’కు అంత్యప్రాసగా ‘బిహైండ్’ వేశాడు కదా? అంటే ‘వైండ్’ అని చదవాలా? ఇంగ్లండులోని కెనెట్ అండ్ ఏవన్ కాలువ పటం చూస్తుంటే ఈ సందేహం మళ్ళీ పట్టుకుంది. పడవలను వెనక్కి తిప్పుకునే గుంటల పేరు ‘winding hole’లోనూ అదే ‘wind’ స్పెల్లింగు.

రెడింగ్ వాసి:
ఇక్కడ పడవవాళ్ళు ‘విండింగ్ హోల్’ అనే అంటారు. హ్రస్వమే. సుమారు 70 అడుగుల పడవ కాలువలో అడ్డం తిరగదు. అందుకే ఒకచోట గట్టును లోపలికి తవ్వి ఉంచుతారు. పడవ ముక్కును అందులోకి పోనిచ్చి, వెనక భాగాన్ని గెడతో నెట్టి తిప్పుతారు. గుర్రాలు పడవలు లాగిన రోజుల్లో గాలివాటమే పెద్ద సాయం, పేరు దాన్నుంచే వచ్చింది. లాకులో, అంటే నీటిమట్టం మార్చి పడవను ఎక్కించే, దించే తలుపుల గదిలో తిప్పుదామంటే దాని వెడల్పు 14 అడుగులే. అన్నట్టు, ఇదే కాలువ మీద డివైజెస్ ఊరి దగ్గర 29 లాకుల వరుస తప్పక చూడాలి. పడవ 237 అడుగులు ఎక్కుతుంది! కొండవాలున వరుసగా ఉన్న 16 లాకులకు పక్కనే చెరువులు తవ్వించి నీళ్ళు నిలవచేశాడు కాలువ ఇంజనీరు జాన్ రెన్నీ. 1810 నాటి పని అది.

పాతనిఘంటువు:
గాలి వ్యుత్పత్తిని నేను ఒప్పుకోను. లాకులో నీళ్ళు వదిలే పలకలను ఎత్తే ఇనుప పిడి పేరు ‘విండ్‌లస్’. అది పాత నార్స్ ‘విందాస్’ నుంచి వచ్చింది, చుట్టే దూలమని అర్థం. గాలి ఊసే లేదు, అయినా పలికేది హ్రస్వమే. హ్రస్వం వినబడగానే గాలి అనడం తొందరపాటు.

రెడింగ్ వాసి:
ఆ పిడితో పలకలు ఎత్తడాన్ని ఇదే పడవవాళ్ళు ‘వైండ్’ అంటారండీ. తిప్పడమే మూలమైతే గుంట పేరునూ అలాగే పలికేవారు కదా?

యతిప్రాస:
అసలు ప్రశ్న షెల్లీది. గాలి అనే అర్థంలో కూడా ఆ మాటకు పూర్వం ‘వైండ్’ అనే పలుకుబడి ఉండేది. వాడుకలో హ్రస్వం వచ్చాక కూడా కవులు ప్రాస కోసం పాతదాన్ని నిలుపుకున్నారు. మన ఛందస్సులో ఈ వెసులుబాటు లేదు. వి, వై రెండింటికీ యతి కుదరదు. ఇకారానిది ఎకారంతో మైత్రి, ఐకారానిది అకారంతో. ‘ఆంధ్ర షెల్లీ’ కృష్ణశాస్త్రి గారు గేయాల్లో యతిని సడలించినా నాదం ఎక్కడా తప్పలేదు.

గోదారి ఒడ్డు:
మాస్టారూ, ఆ బిరుదు వద్దండీ, ఆయన్ను ఒకరి నీడలో నిలబెడుతుంది. ఇక కాలువ సంగతికి వస్తే, కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. కాలువలతో పాటు వచ్చిన ‘లాకు’ను మావాళ్ళు ‘లాకులు’ అని బహువచనం చేసి సొంతం చేసుకున్నారు.

పాతనిఘంటువు:
రెడింగ్ వాసి గారూ, గాలి ‘వైండ్’ కూడా అయ్యిందంటే మీ గుంట వాదం బలహీనపడింది. హ్రస్వం ఎప్పుడు స్థిరపడిందో తేలాలి.

యతిప్రాస:
అది తర్వాత. కృష్ణశాస్త్రి గారిని షెల్లీ నీడలో నిలబెట్టానన్న మాటకు ముందు జవాబు చెప్పాలి. షెల్లీ గాలిని ఆజ్ఞాపిస్తాడు, ఈయన గాలిలో కలిసిపోతాడు. ఇద్దరి తీరూ వేరని తెలిసే ఆ బిరుదు వాడాను.