నిధి నిక్షేప జల తరు పాషాణ... ఆ తరువాతి మాట ఏది?

అడిగినవారు:
పాత క్రయపత్రాలలో, భూమితో పాటు కొన్నవారికి ఏమేమి దఖలు పడుతున్నవో చెప్పే వరుస ఒకటి ఉంటుంది. "నిధి నిక్షేప జల తరు పాషాణ" వరకు నాకు తడుముకోకుండా వస్తుంది. చివర "ఆగామి సిద్ధ సాధ్యంబులనెడి అష్టభోగములు" అన్నదీ గుర్తే. నడుమనున్న ఒక్క మాట దగ్గరే నాలుక తడబడుతున్నది. అది "అక్షీణ"మా, "అక్షిణి"యా? ఏదైనా సరే, ఆ మాటతో కొన్నవాడికి దక్కేదేమిటి? పనిలో పనిగా ఇంకొక సందేహం కూడా తీర్చండి. నీటికంటె, చెట్లకంటె ముందు నిధినీ నిక్షేపాన్నీ ఎందుకు చెప్పారు?

దస్తావేజుల ప్రియుడు:
నేను చూసిన పత్రాలలో "అక్షీణ" అనే ఉన్నది. పైగా లెక్క కూడా ఆ పాఠానికే సాక్ష్యం పలుకుతుంది. నిధి, నిక్షేపం, జలం, తరువు, పాషాణం, అక్షీణం, ఆగామి, సిద్ధం, సాధ్యం అని లెక్కపెడితే తొమ్మిదవుతాయి గాని ఎనిమిది కావు. అందుచేత "అక్షీణ" అన్నది విడిగా ఒక భోగం కాదనీ, "అక్షీణమైన ఆగామి", అంటే తరగని రాబోయే ఫలం, అని తరువాతి మాటకు విశేషణమనీ నేను ఏనాడో తేల్చుకున్నాను.

శాసనాసక్తుడు:
లెక్క ముచ్చటగా కుదిరింది గాని, మిత్రులు తీసివేయవలసిన మాటను ఉంచి, ఉంచవలసిన మాటను తీసివేశారు. విజయనగర రాజుల తామ్రశాసనాలలో పదే పదే వచ్చే శ్లోకభాగాన్ని ఒకసారి చూడండి.

"నిధినిక్షేపపాషాణసిద్ధసాధ్యజలాన్వితమ్
అక్షిణ్యాగామిసంయుక్తం..."

చెట్ల మాట ఆ తరువాత "సభూరుహమ్" అని వేరుగా వస్తుంది. కాబట్టి తరువు అష్టభోగాల జాబితాలోనిది కాదు. తెలుగు పత్రాలు రాసినవారు దానిని తెచ్చి నీటి పక్కన నాటారు. దానిని పెరికివేస్తే మిగిలినవి సరిగ్గా ఎనిమిది. ఇక "అక్షిణ్యాగామి" అన్న సంధిని గమనించండి. ముందు మాట అకారాంతమైతే "అక్షీణాగామి" అని సవర్ణదీర్ఘం రావాలి. ఇక్కడ యణాదేశం వచ్చి "ణ్యా" అయినది గనుక ఆ మాట ఇకారాంతమో ఈకారాంతమో కాక తప్పదు. "అక్షీణ" తరువాతివారు అర్థం కుదుర్చుకోవడానికి చేసుకున్న దిద్దుబాటని నా అభిప్రాయం.

ఛందోభిమాని:
చివరి అచ్చు సంగతి తేలింది, ఒప్పుకుంటాను. అసలు తగాదా మాత్రం "క్షి" హ్రస్వమా, "క్షీ" దీర్ఘమా అన్నదాని దగ్గరే ఉన్నది. ఛందస్సును అడుగుదామంటే అది నోరు విప్పదు. అనుష్టుప్పు పాదంలో "క్షి" హ్రస్వమే అయినా, తరువాత "ణ్యా" అనే సంయుక్తాక్షరం ఉన్నందువల్ల గురువే అవుతుంది. "క్షీ" అయితే ఎలాగూ గురువే. పైగా అది పాదంలో రెండవ అక్షరం. ఆ స్థానంలో గురులఘువుల కట్టడి అంతగా లేదు. కవి రెండింటిలో ఏది రాసినా పాదం చెడదు. ఏ అక్షరం దగ్గర సాక్ష్యం కావాలో సరిగ్గా అక్కడే శ్లోకం తప్పించుకున్నది.

దస్తావేజుల ప్రియుడు:
ఛందస్సు చెప్పకపోతే అర్థం చెబుతుంది. నేను నా పాత మాటను పక్కన పెట్టి ఇంకొకటి ప్రతిపాదిస్తున్నాను. ఈ ఎనిమిదీ నాలుగు జంటలు. సిద్ధం అంటే ఇప్పటికే సాగులోకి వచ్చినది, సాధ్యం అంటే ఇకమీదట తేదగినది. ఆగామి అంటే రాబోయేది గనుక, దాని జోడు ఇప్పుడు ఎదుట ఉన్నది కావాలి. ఎదుట ఉన్నదంటే కంటికి కనబడేది. "అక్షి" అంటే కన్ను, "అక్షిణీ" అంటే రెండు కన్నులు. కన్నులకు కనబడే ఫలం అక్షిణి, కనబడకుండా ముందున్న ఫలం ఆగామి. నిధుల కోసం అంజనం పూసుకుని వెదికే అలవాటు ఉన్న జాతికి కంటి మాట ఈ వరుసలోకి రావడం వింత కాదు.

ఛందోభిమాని:
ఊహ బాగున్నది, వ్యాకరణం మాత్రం తలుపు మూసింది. "అక్షిణీ" ద్వివచన రూపమైతే "ఈదూదేద్ద్వివచనం ప్రగృహ్యమ్" అన్న సూత్రం ప్రకారం దానికి తరువాతి అచ్చుతో సంధి జరగదు. ద్వివచనాన్ని నమ్ముకుంటే "అక్షిణ్యాగామి" అన్న రూపమే పుట్టదు. సమాసం లోపల ద్వివచనం నిలిచి ఉండదన్నది రెండవ అభ్యంతరం. జంటల సూత్రాన్ని మాత్రం నేను తోసిపుచ్చను. పాషాణం, జలం శ్లోకంలో ఎడమెడమయ్యాయి గాని అది ఛందస్సు చేసిన పని. తెలుగు పత్రాలు వాటిని తిరిగి దగ్గరకు చేర్చాయి.

శాసనాసక్తుడు:
"అక్షిణి"కి తరగని ఫలమనీ, ఇప్పుడు చేతికి అందుతున్న ఫలమనీ రెండు వివరణలూ పండితులలో ఉన్నవే. దీర్ఘం సంగతికి వస్తే, సంస్కృత భాగాన్ని నందినాగరి లిపిలో చెక్కిన రేకులే ఎక్కువ. ఆ మాట తెలుగు లిపిలోకి, అక్కడి నుండి గ్రామ లేఖకుల చేతికి దిగే దారిలో గుడి గుడిదీర్ఘం కావడానికి ఎంతో సేపు పట్టదు. పాత రాతలలో ఆ రెంటికీ తేడా తెలియని చోట్లు కొల్లలు.

న్యాయశాస్త్ర విద్యార్థి:
జంటల మాట వచ్చింది గనుక మొదటి జంటను అడుగుతాను. నిధికీ నిక్షేపానికీ తేడా ఏమిటి? స్మృతులలో నిక్షేపమంటే నమ్మకంతో ఒకరి వద్ద ఉంచిన సొత్తు; మనువు చెప్పిన 18 వ్యవహారపదాలలో, అంటే తగాదా రకాలలో, ఋణాదానం (అప్పుల తగాదా) తరువాత రెండవది అదే. లోపల ఏమున్నదో చెప్పకుండా ముద్ర వేసి అప్పగిస్తే దానిని యాజ్ఞవల్క్యుడు ఔపనిధికమన్నాడు. నిధి ఈ రెండూ కాదు, దాచినవాడెవరో తెలియనిది. దాచినవాడు తెలిసినది నిక్షేపం, తెలియనిది నిధి అని నేను విడదీస్తాను.

ఈ తేడా ఊరికే మాటల తేడా కాదు, ఎవరి వాటా ఎంత అన్నది దీని మీదనే నిలుస్తుంది. 1878 నాటి నిధుల చట్టంలో కూడా ఈ ఆలోచనే కనబడుతుంది. పది రూపాయలకు మించిన విలువ గలది దొరికితే కలెక్టరుకు తెలపాలి; కలెక్టరు ప్రకటన ఇచ్చి హక్కుదారులను పిలుస్తాడు; నూరేళ్ల లోపల దాచినదని, దాచినవాడి తరఫువారు ఉన్నారని తేలితే అది నిధి కాకుండా పోతుంది. ఎవరూ లేరని తేలి, భూమి యజమానికీ దొరికినవాడికీ వేరే ఒప్పందం లేకపోతే, నాలుగింట మూడు వంతులు దొరికినవాడికి, ఒక వంతు భూమి యజమానికి. ప్రభుత్వమే కావాలనుకుంటే లోహం విలువకు అయిదవ వంతు కలిపి ఇచ్చి తీసుకోవచ్చు. చెప్పకుండా దాచుకున్నవాడి వాటా ప్రభుత్వానికి పోతుంది, పైన ఏడాది వరకు జైలు.

నుడికారప్రియ:
అన్నగారూ, స్మృతుల నిక్షేపాన్ని తెలుగు నిక్షేపం మీద రుద్దకండి. మన నాలుక మీద ఆ మాట వేరే దారి పట్టింది. "పిల్లవాడు నిక్షేపంగా ఉన్నాడు" అంటే ఏ బెడదా లేకుండా, చెక్కుచెదరకుండా ఉన్నాడని. నేలలో పెట్టినది పెట్టినట్టే ఉన్నదన్న భరోసా నుండి తప్ప ఈ నుడికారం ఇంకెక్కడి నుండి వస్తుంది? దాచుకోవడానికి తవ్విన పాతరకు మాత్రం రాత చెడిపోయింది. గింజలను కాపాడిన ఆ మాట ఇప్పుడు "పాతరేశారు" అంటే నాశనం చేశారనే అర్థానికి దిగింది.

పత్రికల తెలుగు ఈ జంటను ఇంకా చిత్రంగా పంచుకున్నది. నిక్షేపాలంటే బొగ్గు, చమురు, ఇనుము. నిధులంటే ప్రభుత్వం విడుదల చేసేవి. నిధి నేల పైకి వచ్చి ఖాతాలలో చేరింది గనుకనే, నేలలో మిగిలిపోయిన దానికి "గుప్తనిధి" అని ఇంకొక ముసుగు తొడగవలసి వచ్చింది. "గుప్త" అనవసరమని కొందరు విసుక్కుంటారు గాని నేను విసుక్కోను. జంటల మాటకు ఒక కొసరు: మనవాళ్లు కలలు కనే బిందెలు కూడా ఒంటరివి కావు, లంకెబిందెలు.

కీర్తనల అభిమాని:
నిధి అన్న మాటను ఇన్నిసార్లు తలచుకుని త్యాగయ్యను తలచుకోకపోవడం ఏమి న్యాయం? "నిధి చాల సుఖమా, రాముని సన్నిధి సేవ సుఖమా" అన్న కల్యాణి రాగ కీర్తనలో ఆయన రెండు మాటలనూ తూకం వేశాడు. నిధిలోనూ సన్నిధిలోనూ ఉన్న ధాతువు ఒకటే. కింద పెట్టినది నిధి, దగ్గరగా పెట్టినది సన్నిధి. దూరంగా నేలలో ఉన్నదా, దగ్గరగా ఎదుట ఉన్నదా అన్న ప్రశ్నను ఒక్క ఉపసర్గతో అడగడం ఆయనకే చెల్లింది.

ఛందోభిమాని:
అక్కడ నిధి నేలలోనిది కాదండీ. చరణంలో "మమత బంధనయుత నరస్తుతి సుఖమా" అని ఉన్నది. మనిషిని పొగిడితే వచ్చే సొమ్మే అక్కడి నిధి; దానికి పలుగూ పారా అక్కరలేదు, నోరు ఉంటే చాలు. "చాల" అన్న మాట సుఖానికి చేరుతుందా, నిధికి చేరుతుందా అన్నది కూడా తేల్చవలసిన విషయమే. నేను సుఖానికే చేరుస్తాను.

కీర్తనల అభిమాని:
పాడేటప్పుడు "నిధి చాల" అని ఆగి "సుఖమా" అంటారు గనుక నేను నిధికే చేరుస్తాను. విస్తారమైన నిధి ఎదుట పెట్టి అడిగినప్పుడే ప్రశ్నకు బరువు.

న్యాయశాస్త్ర విద్యార్థి:
ఒక్క మాట మీద వాటా తలకిందులైన ఉదాహరణ ఒకటి చెప్పకుండా ఉండలేను. "ఇతరేణ నిధౌ లబ్ధే రాజా షష్ఠాంశమాహరేత్" అని యాజ్ఞవల్క్యుడు. పైకి చూస్తే రాజు ఆరవ వంతు తీసుకోవాలనే అర్థం. ఆ స్మృతికి వ్యాఖ్యానమైన మితాక్షర మాత్రం, దొరికినవాడికి ఆరవ వంతు ఇచ్చి మిగిలినది రాజు తీసుకోవాలని వివరించింది. వసిష్ఠుడు దొరికినవాడికి ఆరవ వంతే అన్నాడు. కౌటిల్యుడూ అంతే ఇచ్చి, భృతకుడైతే, అంటే కూలికి పనిచేసేవాడైతే, పన్నెండవ వంతు చాలన్నాడు, లక్ష దాటిన నిధి రాజుదే అన్నాడు. కాబట్టి వ్యాఖ్యాతకు ఆధారం లేకపోలేదు. కాని తవ్వినవాడి వైపు నుండి చూడండి. మూలం చదివి ఇంటికి వెళ్తే ఆరింట అయిదు, వ్యాఖ్యానం చదివి వెళ్తే ఆరింట ఒకటి.

దస్తావేజుల ప్రియుడు:
అక్షరం పట్టుకుని పలుగు కూడా పట్టిన పండితుడు ఒకాయన ఉన్నాడు. మృత సముద్రం ఒడ్డున కుమ్రాను గుహలలో 1952లో ఒక రాగి చుట్ట దొరికింది. విప్పడానికి వీలులేక దానిని మాంచెస్టరులో చీలికలుగా కోసి చదివితే, లోపల ప్రార్థనా లేదు, కథా లేదు. వెండి బంగారాలు ఎక్కడెక్కడ, ఎంత లోతున ఉన్నవో చెప్పే అరవైకి పైగా గుర్తులు. కొన్నింటి చివర గ్రీకు అక్షరాలు రెండు మూడేసి ఉన్నాయి, వాటి అర్థం ఇప్పటికీ తేలలేదు. ఇదంతా కట్టుకథ అని మిలిక్ అనే పండితుడు అన్నాడు. దానిని చదివి అనువదించిన అల్లెగ్రో నిజమని నమ్మి, బృందాన్ని వెంటబెట్టుకుని వెళ్లి తవ్వించాడు. ఏమీ దొరకలేదు. తూకానికి వాడిన సంక్షిప్త అక్షరాలు తలాంతు అనే పెద్ద తూకాన్ని చెబుతున్నవా, అంతకంటె చిన్న కొలతనా అన్న వాదం మాత్రం నిక్షేపంగా ఉన్నది.

అమెరికాలో ఫెన్ అనే ఆయన 2010లో ఒక పెట్టెను కొండలలో దాచి, దారి చెబుతూ 24 పాదాల పద్యం ప్రకటించాడు. వెచ్చని నీళ్లు ఆగే చోటు నుండి మొదలుపెట్టమన్న ఒక్క పాదానికి ఎందరు ఎన్ని వ్యాఖ్యానాలు చేశారో లెక్కలేదు. వెదుకులాటలో ప్రాణాలు పోగొట్టుకున్నవారూ ఉన్నారు. పెట్టె 2020లో దొరికింది. మన శ్లోకం పాపం ఎవరినీ ఎక్కడికీ పంపలేదు.

అడిగినవారు:
చాలా తెలిసింది, కృతజ్ఞతలు. నిధిని ముందు ఎందుకు చెప్పారన్న రెండవ ప్రశ్నను మాత్రం అందరూ దాటి వెళ్లారు.

నుడికారప్రియ:
ఆశ ఎక్కువ ఉన్నది ముందు వస్తుంది, అంతే. నీళ్లు ఉన్నాయో లేవో కొనేవాడు బావిలోకి తొంగి చూసుకుంటాడు. నేలలో ఏమున్నదో చూడలేడు గనుక కాగితం మీద రాయించుకుంటాడు.

న్యాయశాస్త్ర విద్యార్థి:
ఆశ కంటె తగాదా భయం పెద్దది. అమ్మిన పదేళ్లకు నాగటి కర్రుకు బిందె తగిలితే, అమ్మినవాడి కొడుకులు "మా తాతగారు పాతిపెట్టినది" అని రాకుండా కట్టిన గట్టు ఇది. నీటికోసం అమ్మినవాడు తిరిగి రాడు, బిందెకోసం తప్పక వస్తాడు.

ఛందోభిమాని:
మీరిద్దరూ శ్లోకాన్ని మరచిపోయారు. "నిధినిక్షేప" అని ఎత్తుకుంటే పాదం సాఫీగా నడుస్తుంది గనుక కవి అలా ఎత్తుకున్నాడు. తరువాతివారు ఆ వరుసనే వల్లించారు.

శాసనాసక్తుడు:
అష్టభోగాల దగ్గరే అందరూ ఆగిపోయారు. శాసనాలలో చాలాచోట్ల "అష్టభోగ తేజస్స్వామ్యములు" అని ఉంటుంది. భోగం తెలిసింది, స్వామ్యం తెలిసింది. ఆ నడుమ తేజస్సు ఏమి చేస్తున్నదో దస్తావేజుల ప్రియులుగారు తమ పత్రాలు చూసి చెప్పాలి. అది "తేజ" అని విసర్గ లేకుండా ఉన్నదా, విసర్గతో ఉన్నదా అన్నది ముందు గమనించండి.