పాత బాకీ పరిష్కారం: వసూలు సంస్థకు డబ్బు ఏ దారిలో చెల్లించాలి?

తీరని_లెక్క:
సభ్యులందరికీ నమస్కారం. ఉద్యోగం పోయిన రోజుల్లో, అంటే సుమారు ఐదేళ్ల క్రితం, నా క్రెడిట్ కార్డు బాకీ ఒకటి కట్టలేక వదిలేశాను. ఇప్పుడు నేను ఎన్నడూ పేరు వినని ఒక వసూలు సంస్థ ఫోను చేసి, ఆ బాకీని తాము కొనుక్కున్నామని, ఈ రోజే బ్యాంకు ఖాతా నంబరు చెప్పి నూటికి నలభై వంతులు చెల్లిస్తే మిగిలినది మాఫీ చేస్తామని అంటోంది. నేనుండేది అమెరికాలో. ఎగవేయాలన్న ఆలోచన లేదు, చేతిలో డబ్బూ ఉంది. ఏ పద్ధతిలో చెల్లిస్తే మళ్లీ చిక్కుల్లో పడకుండా ఉంటానో అనుభవమున్నవారు చెప్పగలరు.

లెక్కల_పుస్తకం:
ఫోనులో ఖాతా నంబరు చెప్పకండి. 1977 నాటి చట్టం ప్రకారం అక్కడి వసూలు సంస్థ మిమ్మల్ని మొదటిసారి సంప్రదించినప్పుడు గానీ, ఆ తరువాత ఐదు రోజుల్లోగా గానీ అప్పు వివరాలు తెలియజేయాలి. అవి అందిన 30 రోజుల్లో మీరు రాతపూర్వకంగా అభ్యంతరం తెలిపితే, రుజువు పంపేదాకా వసూలు ఆపవలసిందే. ముందు ఆ వివరాలు తెప్పించుకుని, అప్పు మీదేనని, మొత్తం సరిగ్గానే ఉందని తేల్చుకోండి.

ఆ తరువాత సెటిల్‌మెంట్ లేఖ అడగండి. అసలు అప్పిచ్చిన బ్యాంకు పేరు, ఖాతా నంబరులో చివరి అంకెలు, ఇప్పుడు ఆ బాకీ ఎవరి సొంతం, మీరు ఎంత, ఏ తేదీలోగా చెల్లించాలి, క్రెడిట్ రిపోర్టులో ఏమని రాయిస్తారు అన్నవన్నీ అందులో ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఈ మొత్తాన్ని పూర్తి పరిష్కారంగా స్వీకరిస్తున్నామని, మిగిలిన సొమ్మును తామూ అడగబోమని, ఇంకొకరికి అమ్మబోమని స్పష్టంగా రాసి ఉండాలి. లేఖ చేతికి వచ్చాక క్యాషియర్స్ చెక్కు (మీ దగ్గర సొమ్ము తీసుకుని బ్యాంకే తన పేరున రాసి ఇచ్చే చెక్కు) తీసుకుని, అందినట్టు సంతకం తీసుకునే తపాలాలో పంపి, అన్నిటి నకళ్లు దాచుకోండి.

ముక్తసరి:
మామూలు చెక్కు రాసి పంపితే సరిపోతుందండీ, బ్యాంకులో అదే రుజువుగా ఉంటుంది.

మాజీ_వసూళ్లు:
నేను ఆరేళ్లపాటు ఆ ఫోనుకు అవతలి వైపు కూర్చుని పని చేసినవాణ్ని కాబట్టి ఒక మాట చెప్పక తప్పదు. ఫోనులో ఖాతా నంబరు చెప్పడం ప్రమాదమంటున్నారు, చెక్కు రాయడం క్షేమమంటున్నారు. ప్రతి చెక్కు అడుగునా అచ్చు వేసి ఉన్నది ఆ ఖాతా నంబరే కదా! దాన్ని కాగితం మీద రాసి సంతకం చేసి పంపడం, ఫోనులో చెప్పడం కంటే ఏ విధంగా క్షేమమో నాకు అర్థం కావడం లేదు. మేము రోజూ వందల ఖాతాల నుంచి సొమ్ము తీసుకునేవాళ్లం, ఒప్పుకున్నదానికంటే ఎక్కువ లాగిన సందర్భం నా కళ్లతో నేను చూడలేదు. ఇచ్చిన రాయితీని కాగితాల పేరుతో చేజార్చుకున్నవాళ్లను మాత్రం చాలామందిని చూశాను.

లెక్కల_పుస్తకం:
నేను రాసింది క్యాషియర్స్ చెక్కు. దాని మీద ఉండేది బ్యాంకు సొంత ఖాతా నంబరు, మీది కాదు. మామూలు చెక్కు సలహా ముక్తసరి గారిది, నాది కాదు.

మాజీ_వసూళ్లు:
క్యాషియర్స్ చెక్కు పోతే దాన్ని తిరిగి ఇప్పించుకోవడం ఎంత కష్టమో ఎవరినైనా అడగండి. పైగా చాలామంది దగ్గర ఉండేది మామూలు చెక్కు పుస్తకమే. మీరు చెప్పిన పద్ధతి చదవడానికి బాగుంటుంది, పాటించేవాళ్లు తక్కువ.

నిమ్మళం:
చెక్కు సంగతి కాసేపు పక్కన పెడతారా? ఖాతా నంబరు ఇవ్వక తప్పని పరిస్థితి వస్తే, జీతం పడే ఖాతాది ఇవ్వకుండా, వేరే ఖాతా ఒకటి తెరిచి, అందులో ఒప్పుకున్న మొత్తం మాత్రమే ఉంచి, ఉన్నదానికంటే ఎక్కువ తీసే వీలు లేకుండా బ్యాంకులో చెప్పి పెట్టుకుంటే గొడవే ఉండదు. వాయిదాల్లో కట్టే ఏర్పాటైతే, వచ్చే వాయిదా తేదీకి కనీసం మూడు పనిదినాల ముందు బ్యాంకుకు తెలిపి దాన్ని ఆపించే హక్కు కూడా అక్కడ ఉంది. బహుమతి కార్డులు కొని నంబర్లు చెప్పమనో, వైర్ పద్ధతిలో నేరుగా డబ్బు పంపమనో తొందరపెడితే మాత్రం అవతల ఉన్నది వసూలు సంస్థ కాదు, మోసగాడు అనుకోవలసిందే.

లెక్కల_పుస్తకం:
వేరే ఖాతా మంచి మాటే. అయినా లేఖ లేకుండా ఏ ఖాతా నుంచి కట్టినా ఒకటే. ఇది ఎక్కడో చదివి చెబుతున్నది కాదు. నేనూ ఒక బాకీని ఫోనులోనే మాట్లాడుకుని, అడిగిన సొమ్ము ఆ సాయంత్రమే పంపాను. ఏడు నెలల తరువాత ఇంకో సంస్థ, మిగిలినదానికి వడ్డీ కలిపి నోటీసు పంపింది. నా దగ్గరున్న రసీదులో చెల్లింపు అందిందని, ధన్యవాదాలని మాత్రమే ఉంది. ఏ ఖాతా కింద జమ వేశారో, అది పూర్తి పరిష్కారమో కాదో ఎక్కడా లేదు. మొదటి సంస్థను అడిగితే ఆ ఫైలు ఇప్పుడు తమ దగ్గర లేదన్నారు. చివరికి రెండోసారి కూడా కట్టాను.

మాజీ_వసూళ్లు:
మీకు జరిగినది అన్యాయమే. అయితే అది రసీదులో ఉన్న లోపం, చెల్లించిన పద్ధతిలో ఉన్న లోపం కాదు. ఇక్కడ అడిగిన ప్రశ్న పద్ధతి గురించి. ఆ రోజు మీరు క్యాషియర్స్ చెక్కు పంపి ఉన్నా ఇదే జరిగేది.

ముక్తసరి:
మాఫీ చేసిన సొమ్ము 600 డాలర్లు, ఆపైన ఉంటే దాన్ని మీ ఆదాయంగా పన్ను శాఖకు తెలియజేసే ఫారం రావచ్చు. నాకు వచ్చిన ఏడాది నిద్ర పట్టలేదు.

దూరపు_చుట్టం:
ఇంతవరకూ ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఈ బాకీ మీద మీరు చివరిసారి డబ్బు కట్టినది ఎప్పుడు? దావా వేయడానికి చట్టం ఒక గడువు పెడుతుంది, అది దాటితే మనవాళ్ల మాటలో ఆ బాకీకి కాలదోషం పట్టినట్టు. భారతదేశంలో 1963 నాటి చట్టం ప్రకారం మామూలుగా మూడేళ్లు, ఇంగ్లండులో 1980 నాటి చట్టం ప్రకారం ఆరేళ్లు. స్కాట్లండులో ఐదేళ్లకు బాకీయే రద్దయిపోతుంది. అమెరికాలో ఇది ఒక్కో రాష్ట్రంలో ఒక్కో విధంగా ఉంటుంది. విస్కాన్సిన్, మిసిసిపీ రాష్ట్రాల్లో గడువు ముగిస్తే స్కాట్లండులో లాగే బాకీ కూడా ముగిసిపోతుంది. మిగిలిన చాలా చోట్ల బాకీ అలాగే ఉంటుంది, కోర్టుకు వెళ్లే దారి మాత్రం మూసుకుపోతుంది. గడువు దాటిన బాకీ మీద దావా వేయడాన్ని, వేస్తామని బెదిరించడాన్ని 2021 నవంబరు 30 నుంచి అమల్లో ఉన్న నిబంధనలు నిషేధిస్తున్నాయి.

ఇక్కడే ఒక మెలిక ఉంది. నోటు వెనక చెల్లు రాసి సంతకం చేస్తే గడువు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుందని మన పెద్దవాళ్లకు బాగా తెలుసు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో పాక్షికంగా కట్టిన సొమ్ముకు అదే ఫలితం ఉంటుంది. అందువల్ల మీ మంచి మనసు చూపించడానికి ఈ రోజు కొంచెమైనా కట్టండి అంటే, కట్టకండి. రాతపూర్వకమైన పరిష్కారం కింద ఒకేసారి పూర్తిగా కట్టండి, లేదంటే లేఖ వచ్చేదాకా ఒక్క పైసా కదపకండి.

తీరని_లెక్క:
చివరి చెల్లింపు తేదీ నాకు సరిగ్గా గుర్తు లేదు. ఆ సంస్థ చెబుతున్న మొత్తం కూడా నేను అనుకున్నదానికంటే బాగా ఎక్కువగా ఉంది. వడ్డీ కలిపారేమోనని సరిపెట్టుకున్నాను.

మాజీ_వసూళ్లు:
దూరపు చుట్టం గారి వ్యాఖ్యతో అసలు సంగతి బయటపడింది. కట్టడానికి సిద్ధంగా ఉన్న మనిషి పద్ధతి అడిగితే, మీరంతా కలిసి ఎగవేసే దారి చూపిస్తున్నారు. అప్పు తీసుకుని వాడుకున్నప్పుడు లేని కాలదోషం తీర్చేటప్పుడు ఎక్కడి నుంచి వచ్చింది?

లెక్కల_పుస్తకం:
ఎగవేత అన్న మాట వెనక్కి తీసుకోండి. నేను ఒకే అప్పును రెండుసార్లు తీర్చినవాణ్ని. మీలాంటి సంస్థలు ఈ బాకీలను ఎంతకు కొంటాయో మీకు తెలియనిది కాదు. అక్కడ వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2013లో ఇచ్చిన నివేదికలో, కొనుగోలుదారులు డాలరు బాకీకి సగటున నాలుగు సెంట్లు చెల్లించినట్టు తేలింది. చాలా సందర్భాల్లో కొనేటప్పుడు వాళ్ల చేతికి ఒక్క పత్రం కూడా రాలేదని అదే నివేదిక చెప్పింది. పత్రం లేకుండా కొన్నవారు పత్రం అడిగినవాణ్ని ఎగవేతదారు అంటారా?

రెండోసారి ఎందుకు కట్టానో ఇంతకుముందు రాయలేదు. నేను పని చేసే చోటికి ఫోను చేశారు. పక్క బల్ల దగ్గర కూర్చునే మనిషి ఎత్తి, మీకే అని ఫోను నా చేతికిచ్చి తల తిప్పుకున్నాడు. ఆ సాయంత్రం లోపల కట్టేశాను. అందుకే ఈ రోజే అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆరేళ్లలో మీరు ఆ మాట ఎన్నిసార్లు అన్నారు? కాదన్నవాళ్లకు మరుసటి నెల అదే రాయితీ మళ్లీ ఇవ్వలేదా?

మాజీ_వసూళ్లు:
ఇచ్చాం. చాలాసార్లు ఇచ్చాం, కొన్నిసార్లు ఇంకా తగ్గించి కూడా ఇచ్చాం. నెలాఖరు లక్ష్యం మా మెడ మీద ఉండేది కాబట్టి ఆ మాట అనేవాళ్లం. అయితే కొన్ని ఫైళ్లు అప్పటికే లాయర్లకు వెళ్లే జాబితాలో ఉండేవి. అవి ఏవో ఫోనులో మాట్లాడే నాకే తెలిసేది కాదు. ఒకావిడ లేఖ వచ్చాకే కడతానని చెప్పి మూడు వారాలు ఎదురుచూసింది. నాలుగో వారం దావా పడింది. ఆవిడ కోర్టుకు వెళ్లలేదు. పూర్తి మొత్తానికి, ఖర్చులకు తీర్పు వచ్చి జీతంలోంచి కోత మొదలైంది. మూడో వారంలో ఆవిడ చేసిన ఫోను ఎత్తింది నేనే. అప్పటి నుంచి ఎవరినైనా ఆగమని చెప్పడానికి నాకు నోరు రాదు.

లెక్కల_పుస్తకం:
ఆ సంగతి మొదటే చెప్పి ఉంటే చెక్కు అడుగున అంకెల గురించి ఇంత రాసుకోవలసిన పని ఉండేది కాదు. కానీ మీరు చెప్పినదాన్ని మరోసారి మీరే చదవండి. లేఖ అడిగినందుకు ఆవిడ నష్టపోలేదు, మీ కార్యాలయం మూడు వారాలపాటు ఆ లేఖ పంపనందుకు నష్టపోయింది. ఇవ్వదలచుకున్న సంస్థకు ఒక పేజీ పంపడం ఎంతసేపు?

మాజీ_వసూళ్లు:
ఆలస్యం ఎవరిదైనా కోత పడింది ఆవిడ జీతంలోనే. లేఖ అడగవద్దని నేను అనడం లేదు. అడిగి ఊరుకోవద్దు. ఫోను పెట్టేసే ముందే ఈమెయిలులో పంపమని చెప్పండి, రెండు రోజుల్లో రాకపోతే మీరే మళ్లీ ఫోను చేయండి. కోర్టు నుంచి కాగితం వస్తే మాత్రం అది ఎంత పాత బాకీ అయినా వెళ్లి జవాబు చెప్పండి. కాలదోషం సంగతి మీరు కోర్టులో ఎత్తకపోతే, జడ్జి తనంతట తాను ఎత్తుతాడన్న ధీమా పెట్టుకోకండి.

నిమ్మళం:
ఎగవేత అన్న మాట ఇంకా వెనక్కి తీసుకోలేదు.

మాజీ_వసూళ్లు:
లెక్కల పుస్తకం గారి విషయంలో తీసుకుంటున్నాను.

తీరని_లెక్క:
నాలుగు రోజుల తరువాత రాస్తున్నాను. ఫోనులో నంబరు చెప్పలేదు, లేఖ ఈమెయిలులో పంపమన్నాను. మొదట కుదరదన్నారు, మరునాడు పంపారు. రాయితీ గడువు కూడా ఈ నెలాఖరుదాకా పొడిగించారు. కానీ అందులోని ఖాతా నంబరు చివరి నాలుగు అంకెలు నా పాత కార్డువి కావు.

మాజీ_వసూళ్లు:
తొందరపడకండి. బాకీ కొన్న సంస్థ తన సొంత నంబరు ఒకటి వేసుకుంటుంది, పైన పెద్ద అక్షరాల్లో కనిపించేది సాధారణంగా అదే. అసలు బ్యాంకు ఖాతా నంబరు లేఖలో ఇంకోచోట ఉంటుంది, దాన్ని చూడండి.

తీరని_లెక్క:
చూశాను. రెండో పేజీలో ఉంది. అదీ కలవడం లేదు. నా పాత కార్డు స్టేట్‌మెంటు ఒకటి దొరికింది. దానిలోని నంబరు వేరు, బాకీ మొత్తం కూడా వీళ్లు చెబుతున్నదానిలో సగమే. అభ్యంతర లేఖ రాసి, సంతకం తీసుకునే తపాలాలో ఈ ఉదయమే పంపాను.