బెంగళూరులో తెలుగులో చెప్పుకోవడానికి డాక్టరో కౌన్సెలరో దొరుకుతారా? ఇంట్లో తెలుస్తుందా?

ధర్మవరం_పిల్ల:

అందరికీ నమస్తే. నాకు 20 ఏళ్లు, ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. కుమారస్వామి లేఔట్ వైపు పీజీలో ఉంటాను, గదిలో ముగ్గురం. మా నాయన మగ్గం నేస్తాడు.

దసరా సెలవులకి ఇంటికి పోయి వచ్చినప్పటి నుంచి నేను నాలా లేను. తెల్లారుజామున మూడు, నాలుగు దాకా నిద్ర పట్టదు. పొద్దున అలారం మోగేది వినిపిస్తుంది, లేవాలనీ ఉంటుంది, ఒళ్లు కదలదు. ఎనిమిదిన్నర క్లాసుకి పోయి నెల దాటింది. అటెండెన్స్ 61 శాతానికి పడిపోయింది, 75 ఉండాలి. పోయిన సెమిస్టర్‌లో రెండు సబ్జెక్టులు పోయాయి, అది ఇంట్లో చెప్పలేదు. రోజూ రాత్రి అమ్మ ఫోన్ చేసి "తిన్నావా?" అంటుంది. తిన్నానంటాను. చాలా రోజులు తినను.

పోయిన వారం ధైర్యం చేసి కాలేజీ కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాను. మేడం మంచిగానే మాట్లాడారు. కానీ ఆమెకు తెలుగు రాదు, నాకు కన్నడ అంగట్లో మాట్లాడేంత మాత్రమే వచ్చు. ఇంగ్లీషులో ఎలా ఉందని అడిగారు. నాకుండేది గాబరా. ఎదలో ఎవరో పిడికిలి బిగించి వదలకుండా పట్టుకున్నట్టు ఉంటుంది. దాన్ని ఇంగ్లీషులో ఏమనాలో తెలీక "కొంచెం టెన్షన్ మేడం" అన్నాను. ఆమె టైమ్‌టేబుల్ వేసుకోమన్నారు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చొని ఏడ్చాను. ఆమె తప్పు కాదు, నేను చెప్పిందే అంత.

తెలుగులో వినేవాళ్లు ఈ ఊళ్లో ఎక్కడున్నారు? వెళ్తే నాయనకి కబురు పోతుందా? పీజీ కట్టాక నెలకి నా చేతిలో 1,500 మిగులుతాయి, బయట అడిగితే ఒక్కసారికే అంతకన్నా ఎక్కువ చెప్పారు.

ఒక్కోసారి రేపు లేవకపోతే బాగుండు అనిపిస్తుంది. ఏమీ చేసుకోను. ఊరికే అనిపిస్తుంది.

కడప_నుంచి_జయనగర్:

చెల్లీ, ఆ చివరి రెండు లైన్ల గురించే ముందు అడుగుతాను. చచ్చిపోవాలని, ఎలా చచ్చిపోవాలో అని ఆలోచనలు వస్తున్నాయా? వస్తుంటే ఈ రాత్రి ఒక్కదానివే ఉండొద్దు, గదిలో ఉన్న అమ్మాయిల్లో ఒకర్ని లేపి చెప్పు. లేకపోయినా సరే, 14416కి ఇప్పుడే ఫోన్ చెయ్యి. మనసు బాగోలేనప్పుడు మాట్లాడే హెల్ప్‌లైన్ అది, టెలీ మానస్ అంటారు, 2022 అక్టోబర్‌లో కేంద్రం పెట్టింది. పైసా ఖర్చు లేదు, 24 గంటలూ ఎత్తుతారు. ముందు భాష ఎంచుకోమంటుంది, తెలుగు ఉంది. "గాబరా" అనే మాట నువ్వు అక్కడ గాబరా అనే చెప్పొచ్చు.

2022లో ఎంసీఏ చదివేటప్పుడు నాదీ ఇదే పరిస్థితి. మా ఊళ్లో నిమ్హాన్స్ అంటే "బెంగళూరు పిచ్చాసుపత్రి" అనే పిలుస్తారు, ఆ పేరుకే భయపడి ఐదు నెలలు పోగొట్టుకున్నాను. చివరికి నా రూమ్మేట్ బండి మీద ఎక్కించుకుని తీసుకెళ్లాడు. హోసూరు రోడ్డులో, డెయిరీ సర్కిల్ దగ్గర. ప్రభుత్వ సంస్థ, ఫీజు నీ చేతిలో ఉన్న డబ్బుకి లోపలే. పొద్దున్నే వెళ్లి ఓపీలో పేరు రాయించుకోవాలి. రద్దీ బాగా ఉంటుంది, రోజంతా దానికే అనుకొని, ఇంత తిని వెళ్లు. వరుసలో చూస్తే మదనపల్లె వాళ్లు, హిందూపురం వాళ్లు, మన మాటే వినపడుతుంది. ఆ రోజు నాకు సగం భయం అక్కడే పోయింది. తెలుగు తెలిసిన డాక్టరు కావాలని మొదట్లోనే అడుగు.

ఇంకో పని చెయ్యి, నాకు ఇదే అక్కరకొచ్చింది. వెళ్లే ముందు రాత్రి ఒక కాగితం మీద తెలుగులో రాసుకో. ఎప్పటి నుంచి, నిద్ర ఎన్ని గంటలు, రోజుకి ఎన్ని పూటలు తింటున్నావు, ఆ పిడికిలి ఎప్పుడు బిగుసుకుంటుంది, లేవకపోతే బాగుండని వారంలో ఎన్నిసార్లు అనిపిస్తుంది. అక్కడికెళ్లాక నోరు పెగలదు. నాకూ పెగల్లేదు, కాగితం చేతికిచ్చాను. డాక్టరు మొత్తం చదివి, థైరాయిడ్ పరీక్ష కూడా రాశారు. అది తేడాగా ఉన్నా ఇలాగే నీరసం, దిగులు వస్తాయట.

మందులు రాస్తే భయపడకు. నాకు మొదటి వారం కడుపులో వికారం, మూడో వారానికి గానీ నిద్ర కుదర్లేదు. బాగయిందని రెండో నెలలో నా అంతట నేనే ఆపేశాను, తల తిరిగి మంచం పట్టాను. ఆ పని మాత్రం నువ్వు చెయ్యొద్దు, తగ్గించాలన్నా వాళ్లే చెప్పాలి. ఓపీ కాగితాలు దాచుకో, అటెండెన్స్ గురించి కాలేజీలో అడగడానికి ఆధారం అదే.

హోసూరు రోడ్డు గేటు వద్దనిపిస్తే బీటీఎం లేఔట్‌లో నిమ్హాన్స్ వాళ్లదే వెల్‌బీయింగ్ సెంటర్ ఉంది. అక్కడ వార్డులు ఉండవు, మామూలు క్లినిక్‌లా ఉంటుంది.

సోషల్‌వర్క్_అక్క:

నాయనకి కబురు గురించి నేను చెప్తాను, ఆసుపత్రిలో పనిచేస్తాను. నీకు 18 దాటాయి. మానసిక ఆరోగ్య చట్టం 2017 ప్రకారం నీ చికిత్స వివరాలు గోప్యంగా ఉంచడం వైద్యం చేసేవాళ్ల బాధ్యత. నీ ప్రాణానికి ప్రమాదం ఉందనుకుంటే మాత్రం ఇంకొకరికి చెప్పాల్సి రావచ్చు. అందుకని దాన్ని దాచిపెట్టకు, చెప్పేస్తేనే నీకు సాయం అందుతుంది. కాలేజీ కౌన్సెలర్ అయితే మొదటి నిమిషంలోనే "నేను చెప్పేది ఎవరెవరికి తెలుస్తుంది?" అని అడుగు. అది అడిగే హక్కు నీకుంది.

ఆ మేడం దగ్గరికి ఇంకోసారి వెళ్లు. భాష కుదరడం లేదని, తెలుగు వచ్చినవాళ్ల దగ్గరికి పంపమని అడుగు. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలని 2025 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు విశాఖపట్నంలో కోచింగ్‌కి వెళ్లిన ఒక అమ్మాయి మరణంతో మొదలైంది. కాబట్టి నువ్వు మొహమాటపడి అడగాల్సిన ఉపకారం కాదు ఇది.

ఇద్దరు_పిల్లల_తల్లి:

అమ్మా, నేను అనంతపురంలో ఉంటాను, నా కొడుకు చెన్నైలో చదువుతున్నాడు. నీ పోస్టు చదివి ఇప్పుడే వాడికి ఫోన్ చేశాను. రోజూ నేనూ "తిన్నావా" అనే అడుగుతాను. దిగులుగా ఉందా అని అడగడం మాకు చేతకాదు బంగారూ, తిన్నావా అన్న మాటలోనే అదీ పెట్టి అడుగుతాం. మార్కుల సంగతి ఇవాళే చెప్పమనను. ఈసారి మీ అమ్మ అడిగినప్పుడు తినకపోతే తినలేదనే చెప్పు.

ధర్మవరం_పిల్ల:

అన్నా, అలాంటి ప్లాన్ ఏదీ లేదు, నిజంగా చెప్తున్నాను. రాత్రి 14416కి చేశాను. ముందు రెండుసార్లు మోగకముందే కట్ చేశాను. మూడోసారి ఒక మేడం తెలుగులో "చెప్పమ్మా" అన్నారు. చాలాసేపు ఏడుపే, ఆమె పెట్టేయలేదు. డాక్టరుకి చూపించుకోమన్నారు.

కాగితం రాసుకున్నాను, రెండు పేజీలు అయింది. పక్క బెడ్ అమ్మాయికి చెప్పాను. ఆమెది తుమకూరు, తెలుగు రాదు. అయినా గురువారం క్లాసు మానేసి నాతో నిమ్హాన్స్‌కి వస్తానంది. అమ్మతో నిన్న తినలేదనే చెప్పాను. ఎందుకు అని అడిగింది. నిద్ర పట్టడం లేదు, డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను అన్నాను. అమ్మ కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, నన్ను రమ్మంటావా అంది.

కడప_నుంచి_జయనగర్:

రమ్మను చెల్లీ. గురువారం దారి తెలీకపోతే ఇక్కడే మెసేజ్ పెట్టు, చూస్తూ ఉంటాను.