హార్డ్ డిస్కును నీలం యూఎస్‌బీ పోర్టులో పెట్టినా వేగం 480 దగ్గరే ఆగుతోంది

అందరికీ నమస్కారం. చెల్లి పెళ్లి వీడియోలు 180 జీబీ దాకా ఉన్నాయి, ల్యాప్‌టాప్ నుంచి హార్డ్ డిస్కులోకి ఎక్కించాలి. ఉబుంటు 24.04 (లైనక్స్) వాడుతున్నాను. డిస్కు ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ వాడే ఫార్మాట్). కాపీ మొదటి నిమిషం పరుగెత్తి, తర్వాత సెకనుకు 28 ఎంబీ దగ్గర చతికిలబడుతోంది. ఆ మొదటి ఉరుకు ర్యామ్‌లో దాచుకున్నదేనని తెలుసు. కానీ ఇదే డిస్కు, ఇదే కేబుల్‌తో ఆఫీసులోని విండోస్ కంప్యూటర్‌లో 110 ఎంబీ వస్తోంది.

టెర్మినల్‌లో ‘ఎల్‌ఎస్‌యూఎస్‌బీ -టీ’ (యూఎస్‌బీ పరికరాల జాబితా చూపే ఆదేశం) కొడితే డిస్కు ఎదురుగా 480ఎం (సెకనుకు 480 మెగాబిట్లు) అని ఉంది, అంటే యూఎస్‌బీ 2 వేగమే. పెట్టింది మాత్రం నీలం పోర్టులో, అంటే వేగమైన యూఎస్‌బీ 3 దాంట్లో. విచిత్రమేమిటంటే, నిన్న రాత్రి విసుగొచ్చి ప్లగ్గును ఒక్క ఊపున గుచ్చితే 5000ఎం వచ్చింది! తీసి మెల్లగా పెడితే మళ్లీ 480.

పోర్టులో పిన్నులు అరిగాయా, కేబుల్ దోషమా, లేక కెర్నెల్ (లైనక్స్ మూల భాగం) గొడవా? కేబులే అయితే కోఠి వెళ్లి కొత్తది తెస్తాను. ఈ ఎండలో కూకట్‌పల్లి నుంచి అంత దూరం ఊరికే తిరిగే ఓపిక మాత్రం లేదు. డీమెసేజ్‌లో (కెర్నెల్ సందేశాల చిట్టాలో) ఏ వరుసలు కావాలో చెబితే ఈ రాత్రే పెడతాను. ఆదివారం డిస్కు వియ్యాలవారింటికి చేరాలి.